నీలి కుండలో బెల్లం పని

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసిన మనిషి చొక్కా సాయంత్రానికల్లా పచ్చబడుతుంది. దాన్ని ఎవరూ అద్దలేదు. పసుపులోని కుర్కుమిన్ చెమట తడితోనే నూలు పోగుల్లోకి దిగిపోతుంది. ఎంత తేలిగ్గా దిగిందో, నాలుగు ఎండలు తగిలితే అంత తేలిగ్గా వెలిసిపోతుంది.

నీలిమందు తీరు దీనికి పూర్తిగా ఎదురు. చెంచాడు నీలిమందు పొడిని బిందెడు నీళ్లలో కలిపి, తెల్ల గుడ్డ ముంచి, రాత్రంతా వదిలేయండి. పొద్దున జాడిస్తే పైన అంటిన పొడి కొట్టుకుపోయి గుడ్డ దాదాపు తెల్లగానే మిగులుతుంది. నీళ్లు కాచినా అంతే, పటిక వేసినా అంతే. నీలిమందు నీళ్లలో కరగదు. కరగని రంగు పోగులోకి పోదు.

అయినా మనుషులు వేల ఏళ్లుగా గుడ్డకు నీలం ఎక్కిస్తూనే ఉన్నారు. పెరూ దేశంలో హువాకా ప్రియేటా అనే చోట దొరికిన నూలు గుడ్డ ముక్కల్లో సుమారు 6000 ఏళ్ల నాటి నీలిమందు ఉందని 2016లో పరిశోధకులు ప్రకటించారు. ఆసియాలో, ఆఫ్రికాలో, ఐరోపాలో, అమెరికాలో వేరువేరు మొక్కల నుంచి వేరువేరు జనం తీసింది ఈ ఒకే రంగును. కరగని రంగును నూలులోకి దించే కిటుకు వాళ్లందరికీ ఎలా దొరికింది? ఆ కిటుకు వెనక ఉన్న రసాయనం ఏమిటి? దాన్ని నేర్చుకోవడానికి బోధన్ చెరకు నేల కంటే అనువైన చోటు అరుదు. నిజాంసాగర్ కాలువ కింద, వర్నికి దగ్గర్లో ఉన్న చందూర్‌నే తీసుకోండి. బెల్లం, సున్నం, పసుపు, వరిపిండి, నల్లరేగడి, వానాకాలం గట్ల మీద మొలిచే తగిరిస చెట్టు ఉంటే నీలి కుండకు కావలసినవి చాలావరకు చేతికందినట్లే. వాటిలో ఒక్కొక్కటి ఏ పని చేస్తుందో చూద్దాం.

ఆకులో కనపడని నీలం

నీలి మొక్క పెసర, కంది కుటుంబానిది. శాస్త్రీయ నామం ఇండిగోఫెరా టింక్టోరియా. చేల గట్ల మీది వెంపలిని చూసి నీలి అని పొరబడేవాళ్లు చాలామంది. రెండింటి ఆకుల అమరిక ఒక్కలాగే ఉంటుంది. వెంపలి చిట్టాకు కొస పట్టుకుని లాగితే బాణం ములుకులా తెగుతుంది, కాయ బల్లపరుపుగా ఉంటుంది. వెంపలిలో ఈ రంగు లేదు.

నీలి ఆకును నలిపినా చేతికి నీలం అంటదు. ఆకులో ఉన్నది ఇండికాన్ అనే రంగులేని పదార్థం. ఇండాక్సిల్ అనే అణువుకు ఒక గ్లూకోజ్ అణువు తగిలించి మొక్క దాన్ని దాచుకుంటుంది. కోసిన ఆకును తొట్టిలో నీళ్ల కింద నానబెడితే, ఆకులోనూ నీళ్లలోని సూక్ష్మజీవుల్లోనూ ఉండే ఎంజైములు ఆ గ్లూకోజ్‌ను తెంచేస్తాయి. ఇండాక్సిల్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు పచ్చగా మారాక ఆకును తీసేసి, ఆ నీళ్లను కర్రలతోనో కాళ్లతోనో గంటల తరబడి చిలుకుతారు. చిలకడమంటే గాలిని కలపడమే. గాలిలోని ఆక్సిజన్ తగలగానే రెండేసి ఇండాక్సిల్ అణువులు జతకట్టి ఒక నీలం అణువు అవుతాయి. నురగ నీలిరంగుకు తిరుగుతుంది, కాసేపటికి నీలం అడుగున పేరుతుంది. దాన్ని కాచి, వడగట్టి, అచ్చుల్లో ఒత్తి, ముక్కలు కోసి ఆరబెడితే నీలిమందు. వంద కిలోల పచ్చాకు నుంచి ఇది కిలో కూడా రాదు.

తెలుగు నేలకు ఈ పని బాగా తెలుసు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో డచ్చివాళ్లు ఇప్పటి ఖమ్మం జిల్లా నాగులవంచలో కోఠీ పెట్టుకుని బందరు రేవుకు నీలిమందు తరలించారు. కడప వైపు నుంచి వెళ్లిన సరుకు విదేశీ బజార్లలో ‘కుర్పా’ అనే పేరుతో అమ్ముడయ్యేది. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల ఆకును ముందే ఎండబెట్టి నిల్వ చేసుకుని, తీరిక దొరికినప్పుడు నానబెట్టేవాళ్లు.

నీలి మొక్క ఒక్కటే దీనికి ఆధారం కాదు. 1780ల్లో సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ అంకుడు చెట్టు ఆకుల నుంచి కూడా ఇదే నీలం తీశాడు. ఆ ఆకు చన్నీళ్లకు లొంగదు, వేడినీళ్లు కావాలి. ఏటికొప్పాక బొమ్మలు చేసేది ఈ అంకుడు కర్రతోనే.

రెండు ఎలక్ట్రాన్ల ఎడం

నీలం అణువు పేరు ఇండిగోటిన్. 16 కార్బన్, 10 హైడ్రోజన్, 2 నైట్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులు ఒకే బల్లపరుపు చట్రంలో ఇమిడి ఉంటాయి. ఒక అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఇలా లక్షల అణువులు ఒకదాన్నొకటి బిగించుకుని ఉన్న పలుకుల మధ్యకు నీళ్లు దూరలేవు. నీలిమందు కరగకపోవడానికి కారణం ఇదే. గుడ్డ మీద ఒకసారి కుదురుకున్నాక ఎన్ని ఉతుకులకూ ఒక పట్టాన వదలకపోవడానికీ కారణం ఇదే. అద్దకందారుకు మొదట్లో ఎదురయ్యే చిక్కూ, చివర్లో దక్కే మేలూ ఒకే గుణం నుంచి వచ్చినవి.

ఈ అణువుకు ఎవరైనా రెండు ఎలక్ట్రాన్లు ఇస్తే దాని తీరు మారిపోతుంది. రెండు ఆక్సిజన్లూ చెరొక రుణావేశం పుచ్చుకుంటాయి. నీళ్లలో సున్నంలాంటి క్షారం ఉంటే ఆ ఆవేశం నిలుస్తుంది. ఆవేశం ఉన్న అణువులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, నీళ్లలో కరుగుతాయి. వెలుగును పీల్చే తీరు కూడా మారి నీలం పోయి లేత పసుపు వస్తుంది. రసాయనవేత్తలు దీన్ని ల్యూకో ఇండిగో అంటారు. ఎలక్ట్రాన్లు ఇచ్చే ఈ చర్యకు పాఠ్యపుస్తకాల్లోని పేరు క్షయకరణం.

కరిగిన ల్యూకో ఇండిగో నూలు పోగులోకి దూరుతుంది. గుడ్డను పైకి తీయగానే గాలిలోని ఆక్సిజన్ ఆ రెండు ఎలక్ట్రాన్లనూ లాగేసుకుంటుంది. పోగు లోపలే నీలం మళ్లీ పలుకు కడుతుంది, బయటికి రాలేదు. కుండలో ఆక్సిజన్‌ను దూరంగా ఉంచాలి, కుండ బయట దాన్ని ఆహ్వానించాలి. నీలం అద్దకంలో మిగిలిన పనులన్నీ ఈ రెండింటి కోసమే. ఎలక్ట్రాన్లు ఇచ్చే దాత ఎవరన్నదే అసలు సంగతి.

పంచదార ఎందుకు పనికిరాదు

ఆ దాతల్లో బాగా చవకైనది చక్కెర. అయితే ఏ చక్కెర పడితే ఆ చక్కెర ఎలక్ట్రాన్లు ఇవ్వదు.

గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అణువుల్లో వలయం విప్పుకుని ఎలక్ట్రాన్లు వదిలే చోటు ఒకటి ఉంటుంది. చెరకులోని సుక్రోజ్ ఈ రెండూ కలిస్తే ఏర్పడింది. ఆ కలయికలో రెండింటి చోట్లూ ఒకదానికొకటి బిగుసుకుని మూతపడతాయి. కాబట్టి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు క్షయకరణ చక్కెరలు, సుక్రోజ్ కాదు. అంగట్లో కొనే పంచదారలో 99.5 శాతానికి పైగా సుక్రోజే. నీలి కుండలో దాన్ని పోస్తే మొదట్లో పెద్దగా ఏమీ జరగదు. బెల్లంలో మాత్రం సుక్రోజ్‌తో పాటు సాధారణంగా 5 నుంచి 15 శాతం దాకా గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి. మొలాసిస్‌లో అంతకంటే ఎక్కువే ఉండొచ్చు.

నిజాంసాగర్ నీళ్లు 1931లో పొలాలకు పారాక ఈ ప్రాంతంలో చెరకు విస్తరించింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. 2015లో మూతపడింది. ఏ చక్కెర మిల్లు ల్యాబులోనైనా రోజూ చేసే పరీక్షల్లో ఒకటి రసంలో క్షయకరణ చక్కెరలు ఎన్ని ఉన్నాయో కొలవడం. అవి పలుకు కట్టవు, దిగుబడి తగ్గిస్తాయి, చివరికి మొలాసిస్‌లోకి పోతాయి. కోసిన చెరకు బండ్ల మీద ఎండకు ఎండితే వాటి పాలు ఇంకా పెరుగుతుంది. మిల్లు లెక్కలో నష్టంగా కనిపించే ఆ చక్కెరే నీలి కుండకు ఇంధనం.

బెల్లం గానుగల దగ్గర ఇంకో సంగతి చూడొచ్చు. కొనేవాళ్లు పచ్చటి బెల్లమే అడుగుతారని కొందరు పాకంలో ‘హైడ్రోస్’ వేస్తారు. దాని అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. అదీ ఎలక్ట్రాన్లు ఇచ్చేదే. జీన్స్ గుడ్డకు నీలం వేసే కర్మాగారాల్లో ఎక్కువగా వాడేది ఈ హైడ్రోస్‌నే, కాస్టిక్ సోడాతో కలిపి. నిమిషాల్లో పని అవుతుంది. వాడాక మిగిలిన సల్ఫైట్, సల్ఫేట్ లవణాలు మురుగు నీళ్లలో చేరతాయి. నేర్చుకునేవాళ్లు హైడ్రోస్ వేయని నల్లటి పాత బెల్లం తెచ్చుకుంటే మేలు. తినేవాళ్లు వద్దన్న నలుపు కుండకు అడ్డం కాదు.

త్వరగా ఫలితం చూడాలంటే ఫ్రాన్స్ వృక్షశాస్త్రజ్ఞుడు, అద్దకందారు మిషెల్ గార్సియా ప్రచారంలోకి తెచ్చిన కొలత గుర్తుపెట్టుకోవడం తేలిక: నీలిమందు ఒక పాలు, నీళ్లతో చల్లార్చిన సున్నం రెండు పాళ్లు, ఫ్రక్టోజ్ మూడు పాళ్లు. పది లీటర్ల వేడినీళ్లకు 50 గ్రాముల నీలిమందు చాలు. ఫ్రక్టోజ్ బదులు బెల్లం వేస్తే మోతాదు పెంచాలి, ఓపిక కూడా పెంచుకోవాలి. సున్నం కలిపేటప్పుడు కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి.

కుండలో కాపురం ఉండే జీవులు

మన దగ్గరి పాత పద్ధతి ఇంతకంటే నెమ్మదైనది, చాలాకాలం నిలిచేది. అందులో బెల్లం నేరుగా నీలానికి ఎలక్ట్రాన్లు ఇచ్చే పని తక్కువ. అది బ్యాక్టీరియాకు తిండి. గాలి అందని కుండలో బ్యాక్టీరియా చక్కెరను తిని, ఆ తిండి నుంచి తీసిన ఎలక్ట్రాన్లను ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. ఆక్సిజన్ లేదు కాబట్టి నీలిమందు పలుకుల మీదికి తోస్తాయి. ఐరోపా పద్ధతిలో వోడ్ అనే మొక్కతో పెట్టిన కుండ నుంచి 1990ల చివర్లో క్లోస్ట్రీడియం ఐసాటిడిస్ అనే బ్యాక్టీరియాను వేరుచేశారు. జపాన్ నీలి కుండల నుంచి ఆల్కలీబ్యాక్టీరియం జాతివి దొరికాయి. క్షారపు నీళ్లలో బతకగలగడం వీటి ప్రత్యేకత.

తగిరిస గింజల పని ఇక్కడే. వాటిని ఉడికించి ఆ జిగురు నీళ్లతో సహా కుండలో పోస్తారు. జిగురులోని పిండి పదార్థం బ్యాక్టీరియాకు నిదానంగా అందే మేత. ఆ గింజల్లో ఆంత్రాక్వినోన్లు అనే పదార్థాలు కూడా ఉంటాయి. ఈ కోవ పదార్థాలు బ్యాక్టీరియా దగ్గర ఎలక్ట్రాన్లు పుచ్చుకుని నీలిమందు పలుకుకు అందించి మళ్లీ వెనక్కి వస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. పలుకు కరగదు, బ్యాక్టీరియా దానిలోకి దూరలేదు. మధ్యలో తిరిగే ఈ మోతగాళ్లు ఉంటే పని వేగం పెరుగుతుంది.

గోదావరి దిగువన, అప్పటి ఆదిలాబాద్ జిల్లా చెన్నూరు నేతగాళ్లతో కలిసి 1990ల్లో దస్త్‌కార్ ఆంధ్ర సంస్థ సహజ రంగుల పని చేపట్టింది. అలాంటి చోట్ల కుండ పెట్టేవాళ్లు పరికరాలతో కొలిచేది తక్కువ. చూపు, వాసన, స్పర్శ వాళ్ల కొలమానాలు. పైన రాగి మెరుపుతో నీలి తెట్టె, మధ్యలో నీలి నురగ, తెట్టె పక్కకు జరిపితే కింద పసుపు కలిసిన ఆకుపచ్చ నీళ్లు ఉంటే కుండ పని చేస్తున్నట్లు. నీళ్లు నీలంగానే ఉంటే క్షయకరణం ఇంకా జరగలేదు. వేళ్ల మధ్య జారుడుగా తగిలితే క్షారం ఉన్నట్లు. పులుపు వాసన వస్తే బ్యాక్టీరియా వదిలిన ఆమ్లాలు సున్నాన్ని మించిపోయినట్లు, వెంటనే సున్నం వేయాలి. అలాగని గుమ్మరిస్తే జీవులు మూర్ఛపోతాయి. పీహెచ్ 10, 11 మధ్య ఉంటే కుండ కులాసాగా ఉంటుంది. ఒట్టి సున్నపు తేట 12 దాటుతుంది.

పీహెచ్ కాగితం లేకపోతే నిజామాబాద్ పసుపు ఉంది. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన తెల్ల కాగితం క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు జరిగేది ఇదే. ఎర్రబడకపోతే సున్నం తగ్గిపోయినట్లు. ఎంత క్షారమో కచ్చితంగా చెప్పదు కానీ ప్రమాదాన్ని ముందే చెబుతుంది.

కుండను మెడ దాకా నేలలో పాతడానికి కారణం వేడి. చందూర్ వేసవిలో బయట 44, 45 డిగ్రీలు, డిసెంబరు తెల్లవారుజామున వణికించే చలి. నేల లోపల అంత ఊగిసలాట ఉండదు. చలికాలంలో కుండ మందగిస్తుంది, అప్పుడు మేత తగ్గించాలి. తినే జోరు లేని జీవులకు బెల్లం పోస్తే వేరే బ్యాక్టీరియా చేరి కుండ పాడవుతుంది. కొత్త కుండకు పాత కుండ నీళ్లు కొంచెం పోయడం పాలకు తోడు వేయడంలాంటిదే.

ముంచడం, తేల్చడం

గుడ్డను ముందు బాగా ఉడికించి గంజి, నూనె, నూలు మైనం పోగొట్టాలి. తడిపి పిండిన గుడ్డను గాలి బుడగలు రాకుండా మెల్లగా దించాలి. చేతులు పైకీ కిందికీ ఆడిస్తే గాలి చేరుతుంది. కొన్ని నిమిషాల తర్వాత అంతే మెల్లగా పైకి తీస్తే గుడ్డ పసుపు పచ్చగా ఉంటుంది, చూస్తుండగానే ఆకుపచ్చకు, ఆపైన నీలానికి తిరుగుతుంది. పూర్తిగా నీలమయ్యాకే మళ్లీ ముంచాలి.

ముదురు రంగు కావాలంటే ఒకేసారి ఎక్కువసేపు ఉంచేస్తే పోదా? పోదు. కుండలో నీలం పోగులోకి దూరేంత దూరం దూరి ఆగిపోతుంది. తీసి, గాలి తగిలించి, లోపల పలుకు కట్టించి, మళ్లీ ముంచితేనే కొత్త పొర చేరుతుంది. ఎనిమిది, పది ముంపులకు మబ్బు నలుపు వస్తుంది. ఒక్క ముంపులో ముదురు రంగు కోసం కుండలో నీలిమందు ఎక్కువ వేస్తే అది పోగు పైనే పేరుకుని, కట్టుకున్న ఒంటికి అంటుతుంది.

రంగుకు అడ్డుకట్ట

గుడ్డంతా నీలమైతే అది రంగు. ఎక్కడ నీలం కాకూడదో ముందే నిర్ణయిస్తే అది బొమ్మ. అడ్డుకట్ట వేయడానికి మూడు దారులున్నాయి: పోగుల్లోని సందులను జిడ్డుతో నింపడం, గట్టిగా బిగించి నీళ్లు దూరకుండా చేయడం, పైన పేస్టు పూయడం.

మొదటి దారి మైనం. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చాలా సహజ రంగులకు గుడ్డను ఉడికించాలి, ఉడికిస్తే మైనం కారిపోతుంది. పులిసే నీలి కుండ చల్లనిది. మైనం పెట్టి అద్దకం వేసే సంప్రదాయాల్లో ఇండియా నుంచి ఇండోనేషియా దాకా నీలం ముందుండడానికి ఈ ఉష్ణోగ్రతే కారణం.

మన కోరమండల్ తీరపు కలంకారీ గుడ్డలు ఈ చిక్కును వరుస క్రమంతో దాటాయి. 1734 ప్రాంతంలో ఫ్రెంచి నౌకాధికారి బోలియు, 1742లో తెలుగు నేర్చిన జెస్యూట్ పాద్రి కూర్దూ ఆ పని దశలవారీగా రాసి పెట్టారు. నలుపు, ఎరుపు గీతలకు ఇనుప నీళ్లు, పటిక ముందు పెట్టి, ఎరుపునిచ్చే చిరివేరుతో ఉడికించేవాళ్లు. వేడితో పని తీరాక, నీలం రావలసిన చోట్లు మినహా గుడ్డంతా మైనం పూసి నీలి కుండకు పంపేవాళ్లు. తర్వాత మరిగే నీళ్లలో వేసి మైనం తీసేసి మిగిలిన ఎరుపులు, చివర్లో పసుపు వేసేవాళ్లు. నీలం మీద పసుపు పడ్డ చోట ఆకుపచ్చ. బొమ్మ వేసేవాళ్లు ఒకరు, నీలి కుండ నడిపేవాళ్లు మరొకరు. నలుపు కోసం ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో పులియబెట్టి చేసే ‘కసిమి’ పెడనలో, శ్రీకాళహస్తిలో ఇప్పటికీ ఉంది. అక్కడా బెల్లమే, పని మాత్రం వేరు. బెల్లం పులిసి ఆమ్లమవుతుంది, ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది.

రెండో దారి కట్టు. పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్లు గుడ్డను కాకుండా నేయకముందు పోగులనే కట్టి రంగులో వేస్తారు. ఈ చిటికి పనికి పాత సైకిలు ట్యూబుల రబ్బరు పీలికలు వాడతారు. రబ్బరు సాగి బిగుస్తుంది, నీళ్లు పీల్చదు. పోగులు మగ్గం మీద చేరాక కట్టిన అంచులు కాస్త చెదిరి మసకబారడమే ఆ నేతకు గుర్తు.

చందూర్‌లో మొదలుపెట్టే వాళ్లకు మూడో దారి తేలిక. రాజస్థాన్ దాబూ అద్దకందార్లు మట్టి, సున్నం, జిగురు కలిపి అచ్చుతో ఒత్తి, ఆరాక నీలంలో ముంచుతారు. ఇక్కడ వరిపిండి జావలో కాస్త సున్నం, జల్లించిన నల్లరేగడి కలిపి ప్రయత్నించవచ్చు. రేగడిలోని బంకమన్ను తడికి ఉబ్బి సందులు మూస్తుంది, ఎండితే కుంచించుకుని పగుళ్లిస్తుంది. సన్నటి నీలి గీతలు కావాలంటే పగలనివ్వాలి, వద్దనుకుంటే జావ పాలు పెంచాలి. పేస్టు నానిపోకముందే తీయాలి కాబట్టి ముంపులు పొట్టిగా, తక్కువగా ఉండాలి. బొమ్మ పదునుకూ రంగు ముదురుకూ మధ్య ఈ బేరం ఎప్పుడూ ఉంటుంది.

ఒకే అణువు, రెండు పుట్టుకలు

జర్మన్ రసాయనవేత్త అడాల్ఫ్ ఫాన్ బాయర్ 1880లో నీలాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు, 1883లో దాని నిర్మాణం తేల్చాడు, 1905లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1897లో బీఏఎస్ఎఫ్ కంపెనీ దాన్ని బజారుకు తెచ్చింది. ఆ ఏడాది ప్రపంచంలో మొక్కల నుంచి వచ్చిన నీలిమందు సుమారు 19,000 టన్నులు. 1914 నాటికి అది 1000 టన్నులకు పడిపోయింది. ఆ పతనాన్ని చూసి బాధపడేముందు బెంగాల్ రైతులు 1859లో తెల్ల తోటల యజమానుల మీద తిరగబడిన సంగతి, 1917లో చంపారన్ రైతులు బిగాకు మూడు కఠాలు నీలి వేయాలన్న నిర్బంధంపై గాంధీని రప్పించుకున్న సంగతి గుర్తుంచుకోవాలి. సహజమైన రంగు అంటే న్యాయమైన రంగని ఎప్పుడూ అర్థం కాదు.

ఫ్యాక్టరీ నీలం, ఆకు నీలం అణువు స్థాయిలో ఒకటే. ఆకు నీలంలో ఇండిరుబిన్ అనే ఎర్రటి తోబుట్టువు కొంత కలిసి ఉంటుంది. పెట్రోలియం నుంచి వచ్చిన దాంట్లో రేడియో కార్బన్ ఉండదు. ఈ తేడాలు ల్యాబు చెప్పాలి, కంటికి తెలియవు. కాబట్టి చీర కొనేటప్పుడు ‘ఇది సహజమైన నీలమేనా’ అని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్లు. మిగతా సగం కుండ గురించి: దీన్ని కరిగించింది హైడ్రోసా, బెల్లమా? వాడిన నీళ్లు ఎక్కడికి పోయాయి? బెల్లం, సున్నం, గింజలతో నడిచిన కుండ అయినా దాని నీళ్లను నేరుగా చేలోకి వదలకూడదు. ముందు క్షారం తగ్గించాలి. గాలికి వదిలేస్తే చాలు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నాన్ని మెల్లగా సుద్దగా మారుస్తుంది. ఆ నీళ్లు ఎప్పుడు పారబోయవచ్చో తేల్చే మొదటి పరీక్ష కూడా పసుపు కాగితమే.